వాయువుకి తీరికనివ్వని కాంతి

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు దిగి ఏ సందులోకి తిరిగినా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, జిరాక్స్ షాపులు వరసగా వస్తాయి. వాటి మధ్యలో ఎక్కడో ఓచోట "లేజర్ కటింగ్" అని బోర్డు ఉంటుంది. నేమ్ బోర్డులకి అక్రిలిక్ అక్షరాలు, పెళ్లికార్డులకి జాలీలు, ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టులకి ఎం.డి.ఎఫ్. ముక్కలు కోసిచ్చే షాపులవి. మంచం అంత మిషను. దాని వెనక మూత తీస్తే మీటరు పైచిలుకు పొడవున్న గాజు గొట్టం కనిపిస్తుంది. చుట్టూ ఉన్న ఇంకో గాజు పొరలో చిల్లర్ నుంచి వచ్చే చల్లటి నీళ్లు తిరుగుతుంటాయి. మిషను కోత మొదలుపెట్టగానే గొట్టం నడుమ సన్నటి గులాబీ, ఊదా కలిసిన వెలుగు పాకుతుంది. కోసేది ఆ వెలుగు కాదు. కోసే కిరణం 10.6 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం ఉన్న పరారుణ కాంతి, కంటికి కనబడదు. మిషను నడిపే కుర్రాడికి తెలిసిన సూత్రం చాలా సూటిగా ఉంటుంది: "పవర్ ఎక్కువ పెడితే అంచు నల్లబడ్తది అన్నా, స్పీడు ఎక్కువ పెడితే షీటు తెగదు."

ఆ గొట్టంలో ఉన్నది బొగ్గుపులుసు వాయువు, నత్రజని, హీలియం కలిపిన మిశ్రమం. దాని పీడనం మన చుట్టూ ఉన్న గాలి పీడనంలో కొద్ది శాతమే. రెండు చివరల అద్దాలుంటాయి. కాంతి వాటి మధ్య అటూ ఇటూ తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ బలం పుంజుకుని, ఓ భాగం బయటికి వస్తుంది. అద్దాలు తీసేసి ఆలోచిద్దాం. అప్పుడు మిగిలేది లేజర్ యాంప్లిఫయర్. ఒక వైపు నుంచి బలహీనమైన కాంతి పంపితే రెండో వైపు నుంచి బలమైన కాంతి వస్తుంది. ఎడతెగకుండా పంపితే ఏమవుతుందో చెప్పడం తేలిక. సెకనులో వందకోట్లో వంతు సేపు, అంటే ఒక నానోసెకను, మాత్రమే ఉండే కాంతి తునకని, అంటే పల్సుని, పంపితే? అందులోనూ వెయ్యో వంతు సేపు ఉండేదాన్ని పంపితే? వాయువు ఒకే రకంగా జవాబు చెప్పదు. ఎందుకు చెప్పదన్నదే ఈ అధ్యాయం.

ముందు ఆ మూడు వాయువుల పని చూడాలి. ఈ లేజరు 1964లో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో పుట్టింది. కనిపెట్టిన చంద్ర కుమార్ పటేల్ మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పుణెలో ఇంజనీరింగ్ చదివినవాడు. గొట్టంలో కరెంటు పోయినప్పుడు ఎలక్ట్రాన్లు నత్రజని అణువులని గుద్దుతాయి. ఆ అణువులో రెండు పరమాణువులూ ఒకటే కాబట్టి, దాని కంపనం తనంతట తాను కాంతిని విడుదల చెయ్యలేదు. అందిన శక్తిని అట్టేపెట్టుకుంటుంది. బొగ్గుపులుసు అణువులో ఒక కంపన స్థాయి ఎత్తు దాదాపు సరిగ్గా నత్రజని కంపనం ఎత్తుకి సరిపోతుంది. ఆ రెంటికీ తేడా గది ఉష్ణోగ్రతలో అణువుల మామూలు కదలికకి ఉండే శక్తిలో పదోవంతు కూడా ఉండదు. కాబట్టి నత్రజని వచ్చి ఢీకొట్టగానే శక్తి చేతులు మారుతుంది. హీలియం వాయువుని చల్లగా ఉంచుతుంది, కింది స్థాయిల్లో అణువులు పేరుకుపోకుండా ఖాళీ చేయిస్తుంది. మొత్తం మీద పై స్థాయిలో ఉన్న అణువులు కింది స్థాయిలో ఉన్నవాటికంటే ఎక్కువవుతాయి. సరైన పౌనఃపున్యం ఉన్న కాంతి అటుగా వెళ్తే, పై అణువు కిందికి దిగుతూ అచ్చం ఆ కాంతి లాంటి కాంతినే దానికి జతచేస్తుంది.

ఇంతవరకూ పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. చిన్న పల్సుల సంగతి అర్థం కావాలంటే పుస్తకాలు తొందరగా దాటేసే ఒక వివరం దగ్గర ఆగాలి. అణువు కంపించడమే కాదు, గిర్రున తిరుగుతుంది కూడా. ఆ భ్రమణం ఇష్టమొచ్చిన వేగంతో జరగదు, కొన్ని నిర్ణీతమైన విలువలే ఉంటాయి. అందుకని పై కంపన స్థాయి అంటే ఒక్క స్థాయి కాదు, దగ్గరదగ్గరగా పేర్చిన భ్రమణ స్థాయిల గుంపు. పైకి చేరిన అణువులన్నీ ఈ గుంపులో పంచుకుని ఉంటాయి. గది ఉష్ణోగ్రతలో అందరికన్నా ఎక్కువ మంది ఉన్న స్థాయిలో కూడా నూటికి ఏడుగురే ఉంటారు. ఒక్కో భ్రమణ స్థాయి నుంచి వచ్చే కాంతి పౌనఃపున్యం కాస్త వేరు. అందుకే ఈ వాయువు వర్ణపటంలో పక్కపక్కనే డజన్ల కొద్దీ గీతలుంటాయి. 10.6 మైక్రాన్ల దగ్గర గీతకీ గీతకీ మధ్య ఎడం సుమారు 55 గిగాహెర్ట్జ్.

ఇక్కడ ఇంకో విచిత్రం ఉంది. ఆ పై స్థాయిలో భ్రమణ సంఖ్యలు 1, 3, 5, 7 ఇలా బేసివే ఉంటాయి. సరి సంఖ్యలు ఉండనే ఉండవు. అణువు మధ్యలో కర్బనం, రెండు చివరలా అచ్చం ఒకేలాంటి ఆక్సిజన్లు. ఆ రెంటినీ తారుమారు చేసినా అణువు మారదు. ఈ సౌష్ఠవమే సగం స్థాయిలని లేకుండా చేస్తుంది. అణువు సౌష్ఠవానికీ దాని కంపనాలకీ ఉన్న సంబంధాన్ని గణితంగా పట్టుకోవడంలో తెలుగువాళ్ల పాలు తక్కువేమీ కాదు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి, కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేసిన సూరి భగవంతం, టి. వెంకటరాయుడుతో కలిసి భౌతికశాస్త్ర సమస్యలకి గ్రూపు సిద్ధాంతాన్ని ఎలా వాడాలో చెప్పే గ్రంథం రాశారు. 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం దాన్ని అచ్చు వేసింది. తర్వాత భగవంతం దిల్‌సుఖ్‌నగర్‌కి దగ్గర్లోనే ఉన్న ఉస్మానియాకి వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో కె. నరహరిరావు పరారుణ వర్ణపట గీతల తరంగదైర్ఘ్యాలని ప్రమాణాలుగా వాడదగినంత కచ్చితంగా కొలవడానికి జీవితం వెచ్చించారు. లేజరు లేని రోజుల్లో మొదలైన ఈ ఓపికైన పని ఇవాళ టెరావాట్ లేజర్ల కింద పునాదిగా ఉందని మన పిల్లలకి చెప్పేవాళ్లు తక్కువ. సౌష్ఠవం మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో దానితో పనిపడుతుంది.

ఇప్పుడు పల్సు దగ్గరికి వద్దాం. ఉదయం తొమ్మిదింటికి దిల్‌సుఖ్‌నగర్ మెట్రో ప్లాట్‌ఫాం ఊహించుకోండి. ఎల్బీనగర్ నుంచి రైలు వస్తుంది. తలుపులు సరిగ్గా ఎక్కడ తెరుచుకుంటాయో అక్కడ కొద్దిమంది నిలబడి ఉన్నారు. ప్లాట్‌ఫాం మీద అటూ ఇటూ చాలామంది ఉన్నారు. కింద రోడ్డు మీంచి మెట్లెక్కి వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. తలుపు ఒక్క సెకను తెరిచి మూసేస్తే దాని ఎదురుగా ఉన్నవాళ్లే ఎక్కగలరు. పది సెకన్లు ఆగితే ప్లాట్‌ఫాం మీదున్న మిగతావాళ్లూ జరిగి వచ్చి ఎక్కుతారు. నిమిషాల తరబడి ఆగితే మెట్ల మీదున్నవాళ్లు కూడా అందుకుంటారు. రైలు పల్సు. తలుపు ఎదురుగా ఉన్నవాళ్లు ఆ పల్సు పౌనఃపున్యానికి సరిపోయే భ్రమణ స్థాయిలో ఉన్న నూటికి ఏడుగురు. ప్లాట్‌ఫాం జనం మిగతా భ్రమణ స్థాయిల్లో ఉన్న అణువులు. మెట్ల మీదున్నది నత్రజని దాచిన శక్తి.

ఈ మూడింటికీ వాయువు దగ్గర వేరువేరు గడియారాలున్నాయి. అణువులు ఒకదాన్నొకటి ఢీకొన్నప్పుడు భ్రమణ స్థాయి మారుతుంది. మామూలు వాతావరణ పీడనం దగ్గర ఈ సర్దుబాటుకి పట్టే సమయం నానోసెకనులో పదోవంతుకి కాస్త పైన. నత్రజని నుంచి శక్తి అందడానికి మాత్రం దానికి వేల రెట్లు, అంటే మైక్రోసెకను లెక్కలో సమయం కావాలి. పీడనం తగ్గిస్తే ఢీకొనడాలు తగ్గి రెండు గడియారాలూ అదే నిష్పత్తిలో నెమ్మదిస్తాయి. కటింగ్ షాపు గొట్టంలో భ్రమణాల సర్దుబాటుకే కొన్ని నానోసెకన్లు పడుతుంది. ఆ మిషను కిరణాన్ని ఆన్, ఆఫ్ చేసేది సెకనులో వెయ్యో వంతు లెక్కలో కాబట్టి, దానికి ఈ గొడవలేవీ పట్టవు.

నత్రజని ఆలస్యం కంటికి కనబడేలా చేసిన లేజరు ఒకటుంది. 1970లో కెనడాకి చెందిన జాక్ బ్యూలియూ, వాతావరణ పీడనం దగ్గరే వాయువులో అడ్డంగా కరెంటు పంపి నడిపే బొగ్గుపులుసు లేజరుని లోకానికి చూపించాడు. ఓసిలోస్కోపు తెర మీద దాని పల్సు ఆకారం గమ్మత్తుగా ఉంటుంది. మొదట వంద నానోసెకన్ల పొడుగాటి శిఖరం, దాని వెనక ఒకటి రెండు మైక్రోసెకన్ల పాటు సాగే తోక. శిఖరం అప్పటికే పైకెక్కి సిద్ధంగా ఉన్న బొగ్గుపులుసు అణువులది. తోక నత్రజనిది. మిశ్రమంలోంచి నత్రజని తీసేస్తే శిఖరం ఉంటుంది, తోక పోతుంది. ఏ శక్తి ఎంత ఆలస్యంగా వచ్చిందో ఆ ఒక్క వంపు గీత చెప్పేస్తుంది. లేజరు భౌతికశాస్త్రంలో ఇంత నిక్కచ్చిగా మాట్లాడే బొమ్మలు కొన్నే ఉన్నాయి.

ఒక నానోసెకను పల్సు కావాలనుకున్నవాళ్లకి ఈ ఆలస్యం పెద్ద సమస్య అయింది. అమెరికాలోని లాస్ అలమోస్‌లో 1970ల్లో, 80ల్లో హీలియోస్, అంటారెస్ అనే భారీ బొగ్గుపులుసు లేజర్లు కట్టారు. చిన్న గుళికని కాంతితో నలిపి సూర్యుడిలో జరిగే కేంద్రక సంలీనం తెప్పించాలన్నది ఆశయం. శక్తి అంతా నానోసెకనులో బయటికి రావాలి, అప్పటికి నత్రజని నుంచి ఏమీ అందదు. ఒకే గీత మీద పల్సు పంపితే మిగతా భ్రమణ స్థాయిల్లో ఉన్నది చేతికి రావడం కష్టం. అందుకని పల్సులో ఒకేసారి అనేక గీతల పౌనఃపున్యాలు కలిపి పంపారు. తలుపులు ఎక్కువ తెరిచారన్నమాట. యాంప్లిఫయర్లు బాగానే పనిచేశాయి. 10 మైక్రాన్ల కాంతి గుళికని తాకినప్పుడు మరీ వేడి ఎలక్ట్రాన్లు పుట్టి, నలగక ముందే గుళికని వేడెక్కించడం వల్ల 80ల నడుమ ఆ దారి వదిలేశారు.

పల్సు శక్తి పెరిగేకొద్దీ ఇంకో సంగతి బయటపడుతుంది. యాంప్లిఫయర్‌లో దాచిన శక్తి పరిమితం. పల్సు ముందు భాగం వాయువులోకి వచ్చేసరికి పై స్థాయి నిండుగా ఉంటుంది, దానికి పూర్తి బలం దక్కుతుంది. వెనక భాగం వచ్చేసరికి సగం ఖాళీ. ఫలితంగా పల్సు ముందు అంచు నిటారుగా లేస్తుంది, శిఖరం ముందుకి జరుగుతుంది. 1960ల నడుమ సోవియట్ శాస్త్రవేత్త నికొలాయ్ బాసోవ్ బృందం కెంపు లేజర్ యాంప్లిఫయర్‌లో పల్సు శిఖరం కాంతి వేగం కన్నా వేగంగా ముందుకు జరగడం చూసింది. ఐన్‌స్టీన్ నియమానికి భంగమేమీ లేదు. ముందు నుంచీ ఉన్న అంచు పెరిగి కొత్త శిఖరం అయింది, వెనకటి శిఖరం వెనకబడింది, అంతే.

ఈ లెక్కని 1963లో లీ ఫ్రాంట్జ్, జాన్ నాడ్విక్ అనే ఇద్దరు ఒక సూత్రంగా రాశారు. మాటల్లో చెప్తాను. ప్రతి యాంప్లిఫయర్‌కీ సంతృప్త శక్తి అనే ఒక కొలమానం ఉంటుంది, చదరపు సెంటీమీటరుకి ఇన్ని జౌళ్లు అని. లోపలికి పంపే పల్సు శక్తిని దానితో భాగించండి. వచ్చినదాన్ని 2.718కి ఘాతంగా వేయండి. అందులోంచి 1 తీసేసి, అతి బలహీనమైన పల్సుకి ఆ యాంప్లిఫయర్ ఎన్ని రెట్ల బలం ఇస్తుందో ఆ సంఖ్యతో గుణించండి. 1 కలిపి సహజ సంవర్గమానం తీయండి. వచ్చినది బయటికొచ్చే శక్తి, అదీ సంతృప్త శక్తి లెక్కలో.

బలహీనమైన పల్సుకి పది రెట్లు ఇచ్చే యాంప్లిఫయర్ తీసుకుందాం. సంతృప్త శక్తిలో నూరోవంతు పంపితే 9.6 రెట్లు వస్తుంది, కానీ దాచిన శక్తిలో నూటికి 4 పాళ్లయినా బయటికి రాదు. సంతృప్త శక్తి అంత పంపితే 2.9 రెట్లే వస్తుంది, దాచిన దాంట్లో నూటికి 82 పాళ్లు బయటికొస్తాయి. మూడింతలు పంపితే 1.75 రెట్లు, 98 పాళ్లు. ఎక్కువ రెట్లు కావాలంటే శక్తి వృథా అవుతుంది, శక్తి అంతా పిండుకోవాలంటే రెట్లు తగ్గుతాయి. అందుకే పెద్ద లేజర్లలో మొదటి యాంప్లిఫయర్లని రెట్ల కోసం, చివరివాటిని పిండుకోవడం కోసం వాడతారు. ఈ సూత్రంలో "దాచిన శక్తి" అంటే పల్సుకి ఆ కాస్త సమయంలో అందగలిగిన శక్తి అని గుర్తు పెట్టుకోవాలి. నానోసెకను పల్సుకీ పికోసెకను పల్సుకీ అదే వాయువులో ఆ సంఖ్య వేరు.

ఇక పికోసెకను, అంటే నానోసెకనులో వెయ్యోవంతు. ఇక్కడ అసలు ఇబ్బంది శక్తి కాదు, పౌనఃపున్యం. కాంతి తునక ఎంత పొట్టిదైతే అందులో అంత విశాలమైన పౌనఃపున్యాల గుంపు ఉండి తీరాలి. ఒక పికోసెకను పల్సుకి సుమారు 440 గిగాహెర్ట్జ్ వెడల్పు కావాలి. వాతావరణ పీడనం దగ్గర బొగ్గుపులుసు గీత వెడల్పు 4 గిగాహెర్ట్జ్. అంటే వాయువు ఆ పల్సులో నూరోవంతు భాగాన్నే గుర్తుపట్టి పెంచుతుంది, మిగతాది పట్టించుకోకుండా వదిలేస్తుంది. పెరిగిన ఆ ఇరుకు భాగం పికోసెకనులో ముగియదు, వంద పికోసెకన్ల లెక్కలో సాగుతుంది. పల్సు వెళ్లిపోయాక కూడా వాయువు కాసేపు కాంతి ఇస్తూనే ఉంటుంది.

పల్సు వెడల్పు అనేక గీతల మీద పడితే జరిగేది ఇంకా అందంగా ఉంటుంది. గీతల దగ్గర మాత్రమే బలం పెరుగుతుంది, వాటి మధ్య ఖాళీల్లో పెరగదు. 55 గిగాహెర్ట్జ్ ఎడంతో ఉన్న ఈ పౌనఃపున్యాలన్నీ ఒకదానితో ఒకటి కలిసి, ప్రతి 18 పికోసెకన్లకీ ఒకసారి బలపడి, మధ్యలో రద్దవుతాయి. ఒక్క పల్సు పంపితే పల్సుల వరస బయటికొస్తుంది. 2010లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డాన్ హాబెర్‌బర్గర్, సెర్గీ తొచిత్‌స్కీ, చంద్రశేఖర్ జోషి 15 టెరావాట్ల బొగ్గుపులుసు లేజరుని ప్రకటించారు. దాని పల్సులు ఒక్కోటి 3 పికోసెకన్లవి, మధ్య ఎడం 18.5 పికోసెకన్లు. భ్రమణ గీతల ఎడమే కాలంలో అచ్చయి వచ్చింది. ఆ వరసనే వాడుకుని వాళ్లు హైడ్రోజన్ ప్లాస్మాలో ప్రోటాన్లని 20 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దాకా తోశారు.

వరస వద్దు, ఒక్క పల్సే కావాలంటే గీతల మధ్య ఖాళీలు పూడ్చాలి. ఒక దారి పీడనం పెంచడం. అణువులు తరచుగా ఢీకొనేకొద్దీ గీతలు వెడల్పవుతాయి. వాతావరణ పీడనానికి పది రెట్ల దగ్గర పక్క గీతలు ఒకదాన్నొకటి ఆనుకుంటాయి. కానీ అంత ఒత్తిడిలో వాయువు అంతటా సమంగా కరెంటు పంపడం చాలా కష్టం. లక్షల వోల్టులు కావాలి, ఎక్కడ తేడా వచ్చినా మెరుపు తీగ ఏర్పడి మొత్తం శక్తి దాని గుండా పోతుంది. ఇంకో దారి, కాంతినే మరీ తీవ్రం చేయడం. తీవ్రత ఒక హద్దు దాటాక కాంతి క్షేత్రమే గీతని వెడల్పు చేస్తుంది. హాబెర్‌బర్గర్ బృందం చివరి యాంప్లిఫయర్‌లో దీన్ని కూడా వాడుకుంది.

మూడో దారిలో సౌష్ఠవం వస్తుంది. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలవాళ్లు మామూలు ఆక్సిజన్ పరమాణువుల్లో కొన్నిటి స్థానంలో బరువైన ఆక్సిజన్-18 ని పెట్టారు. అప్పుడు వాయువులో మూడు రకాల అణువులుంటాయి. రెండు తేలిక ఆక్సిజన్లున్నవి, రెండు బరువైనవి ఉన్నవి, ఒకటి తేలిక ఒకటి బరువు ఉన్నవి. ఒక్కో రకం గీతలు కాస్త కాస్త పక్కకి జరిగి ఉంటాయి. మూడో రకంలో రెండు చివరలూ వేరు కాబట్టి సౌష్ఠవం పోయింది. ఇంతకుముందు లేని సరి సంఖ్యల భ్రమణ స్థాయిలు ప్రత్యక్షమై, గీతల సంఖ్య రెట్టింపవుతుంది. ఖాళీలు పూడుతాయి. దీనికి తోడు పల్సుని ముందు సాగదీసి, బలం పెంచి, మళ్లీ కుదించే పద్ధతిని వాడారు. 1985లో డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్ మురూ కనిపెట్టి, 2018లో నోబెల్ అందుకున్న పద్ధతి అది. 2020లో బ్రూక్‌హేవెన్ బృందం 2 పికోసెకన్ల, 5 టెరావాట్ల ఏక పల్సుని ప్రకటించింది. అణువులో ఒక చివర రెండు న్యూట్రాన్లు అదనంగా చేర్చి వాయువు స్వభావాన్నే మార్చుకున్న ఈ పనిని నేను ఈ రంగంలో అన్నిటికన్నా తెలివైనదిగా భావిస్తాను.

ఇంతవరకూ వాయువుకి జ్ఞాపకం లేదన్నట్టు మాట్లాడాను. నిజానికి కాంతి తరంగం అణువులోని ఆవేశాలని ఒక లయలో ఊపుతుంది. ఢీకొనడాలు ఆ లయని చెరిపేస్తాయి. చెరిగే లోపే పల్సు ముగిసిపోతే లెక్క మారిపోతుంది. లయ చెరిగిపోయే పరిస్థితుల్లో కాంతి మహా అయితే పై స్థాయినీ కింది స్థాయినీ సమానం చెయ్యగలదు, అంటే ఎదురుగా ఉన్న అణువుల ఆధిక్యంలో సగమే తీసుకోగలదు. లయ నిలిచి ఉంటే, సరైన బలం, సరైన నిడివి ఉన్న పల్సు పైనున్న అణువులన్నిటినీ కిందికి దించి మొత్తం శక్తి పట్టుకుపోగలదు. ఆ బలం మించితే దిగిన అణువులు మళ్లీ పైకెక్కుతూ కాంతిని మింగేస్తాయి, పల్సు వెనక అలలు పుడతాయి. ఇలాంటి యాంప్లిఫయర్‌లో ముందుకెళ్లేకొద్దీ పల్సు ఆ సరైన కొలత వైపే సర్దుకుంటుంది. శక్తి పెరుగుతూనే ఉంటుంది కాబట్టి ఎత్తు పెరుగుతూ, వెడల్పు తగ్గుతూ పోతుంది. బొగ్గుపులుసు అణువులు రకరకాల దిశల్లో తిరుగుతూ కాంతికి రకరకాల బలంతో స్పందిస్తాయి కాబట్టి చిత్రం ఇంత శుభ్రంగా ఉండదు. అయినా దీని ఆనవాళ్లు పాతవే. 1967లో పటేల్, రిచర్ట్ స్లషర్ కలిసి, బొగ్గుపులుసు లేజరు కాంతిని మామూలుగా మింగేసే సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువులోకి పొట్టి పల్సులు పంపి, అవి దాదాపు నష్టం లేకుండా బయటికి రావడం చూపించారు. పల్సు ముందు సగం ఇచ్చిన శక్తిని వెనక సగం తిరిగి తీసుకుంది.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో స్తంభాల వెంట కళ్ల ఆసుపత్రుల బోర్డులు కనిపిస్తాయి. లాసిక్ చేసే ఎక్సైమర్ లేజర్లు కూడా వాయు లేజర్లే, కానీ వాటి గడియారం వేరు. అందులో ఆర్గాన్, ఫ్లోరిన్ కలిసి ఒక్క అణువుగా ఉండేది ఉత్తేజిత స్థితిలోనే. కాంతి ఇచ్చి కిందికి దిగగానే విడిపోతాయి, కింది స్థాయిలో పేరుకోవడం అన్నదే లేదు. పై స్థాయి శక్తిని నిలుపుకునేది కొద్ది నానోసెకన్లే కాబట్టి ముందుగా నింపిపెట్టుకుని తర్వాత వాడుకోవడం కుదరదు. నింపుతుండగానే తీసుకోవాలి. ఆసుపత్రి లేజరు పల్సు పదీ ఇరవై నానోసెకన్లు ఉండడానికి కారణం ఇదే. 193 నానోమీటర్ల ఆ అతినీలలోహిత పల్సు ఒక్కోటి కంటి నల్లగుడ్డు పైపొరలో పావు మైక్రాను మేర తొలగిస్తుంది, పక్కన ఉన్న కణజాలం కాలదు. 1981 నవంబరులో అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు, మద్రాసులో చదివి ఐ.బి.ఎం.లో పనిచేస్తున్న రంగస్వామి శ్రీనివాసన్, పండగ భోజనంలో మిగిలిన టర్కీ కోడి మాంసం తెచ్చి దాని మీద ఈ కాంతి పడేసి చూశారు. సహచరులు జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్‌లతో కలిసి ఆయన చూసిన శుభ్రమైన కోతే తర్వాత లాసిక్ అయింది.

మొబైల్ షాపుల్లో అమ్ముతున్న ఖరీదైన ఫోన్లలోనూ మన వాయువు పాత్ర ఉంది. వాటి చిప్‌ల మీద అతి సన్నని గీతలు గీసే నెదర్లాండ్స్ కంపెనీ ఏ.ఎస్.ఎం.ఎల్. యంత్రాల్లో సెకనుకి 50,000 తగరం బిందువులు జారుతుంటాయి. ఒక్కో బిందువునీ ముందో చిన్న పల్సు చదును చేస్తుంది, తర్వాత పెద్ద పల్సు ప్లాస్మాగా మార్చి 13.5 నానోమీటర్ల కాంతి పుట్టిస్తుంది. కొద్ది వాట్ల పల్సుల్ని వరసగా పెట్టిన బొగ్గుపులుసు యాంప్లిఫయర్లలో పంపి పదుల కిలోవాట్లకి పెంచుతారు. పల్సుకీ పల్సుకీ మధ్య 20 మైక్రోసెకన్లు. ఆ వ్యవధిలో నత్రజని ఖాళీ అయిన పై స్థాయిని మళ్లీ నింపుతుంది. పల్సు ఉన్న కొద్ది నానోసెకన్లలో భ్రమణ స్థాయిలు ఎంత మేర సర్దుకుంటే అంత శక్తి చేతికొస్తుంది. ఇంకొంచెం పిండుకోవడానికి ఒకే గీత బదులు అనేక గీతల మీద పల్సు పంపే ఏర్పాటు కూడా చేశారు. లాస్ అలమోస్‌లో సంలీనం కోసం చేసిన పని ఇలా చిప్‌ల తయారీకి పనికొచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి ఎంపీసీ చదువుతున్నవాళ్లకి చివరిగా ఒక మాట. ఫ్రాంట్జ్, నాడ్విక్ సూత్రం వాడడానికి మీ పుస్తకాల్లో ఉన్న సంవర్గమానాలు చాలు. బలహీనమైన పల్సుకి పది రెట్లిచ్చే ఆ యాంప్లిఫయర్‌లోకి ఈసారి సంతృప్త శక్తిలో సగం పంపి, బయటికి ఎంత వస్తుందో కాగితం మీద వేసి చూడండి. బయటికొచ్చేది సంతృప్త శక్తికి 2.01 రెట్లు, అంటే పంపినదానికి నాలుగు రెట్లకి పిసరంత ఎక్కువ రావాలి.